గుత్త నాటు, గుత్త కోడు

2022 జూలై 18న బియ్యం సంచికి కొత్త హద్దు వచ్చింది. ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటించిన సంచి 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ, అంతకు మించితే పన్ను లేదు. కొద్ది రోజుల్లోనే అంగళ్లలో 26 కిలోల సంచులు కనపడటం మొదలైంది. నిజాంసాగర్ కాలువ కింద మా మేనమామకు ఒక చిన్న రైస్ మిల్లు ఉంది. తూకం, కుట్టు మిషన్, సంచి మీది అచ్చు అన్నీ రెండు రోజుల్లో 26కు మారాయి. మారనిదల్లా కంప్యూటర్. బిల్లింగ్ ప్రోగ్రాంలో సంచి బరువుకు 5, 10, 25, 50 అని నాలుగే గడులు ఉన్నాయి, ఐదో గడి చేర్చే దారి లేదు. ఆ సీజనంతా మామ దగ్గరి గుమాస్తా 26 కిలోల సంచిని 50 కిలోల గడిలో రాసి, పక్కన నోటు పుస్తకంలో తేడా లెక్క కట్టుకుంటూ గడిపాడు.

ప్రోగ్రాం చేసి ఇచ్చిన హైదరాబాద్ సంస్థకు ఫోన్ చేస్తే, ఆ పనిని తాము ఇంకో కన్సల్టెన్సీకి అప్పగించామన్నారు. ఆ కన్సల్టెన్సీకి చేస్తే, రాసిన పిల్లవాడు మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చాడని, ఇప్పుడు తమ దగ్గర లేడని చెప్పారు. సోర్స్ కోడ్ మీ దగ్గర ఉందా అంటే వీళ్లు వాళ్లను చూపారు, వాళ్లు వీళ్లను చూపారు. ఆ సాయంత్రం మామ నాకు ఫోన్ చేశాడు. "పొలం నాటు గుత్తకిచ్చినట్టే ఇచ్చిన గదా అల్లుడా. పైసలు గూడ ఒక్క రూపాయి ఆపకుంట గట్టిన. మల్ల ఈ పంచాదేంది?"

ఇరవై ఏళ్లుగా ప్రోగ్రాములు రాసే, రాయించే పనిలో ఉన్నవాణ్ని. కాంట్రాక్టు ప్రోగ్రామర్లను పెట్టుకోవడం గురించి ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాటు గుత్త, కోడు గుత్త ఒకటేనా? ఒకటి కాకపోతే ఎక్కడ విడిపోతాయి? రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. పోలిక ఊరికే సొగసు కోసం తేలేదు. మా ప్రాంతంలో డబ్బున్న ప్రతివాడికీ మనిషిని పనికి పెట్టుకోవడం అనే విద్య పొలంలోనే అబ్బింది. ఆ విద్యతోనే వాళ్లు సాఫ్ట్‌వేర్ కొనడానికి వెళుతున్నారు. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసపుచ్చుతుందో చెప్పాలి.

మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి మధ్య 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆనకట్ట మా ఊళ్ల బతుకును మార్చేసింది. హైదరాబాద్ రాజ్యం చీఫ్ ఇంజనీర్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో, 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టారు. కాలువ రాగానే కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి బాన్సువాడ, వర్ని, బోధన్ చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. ఇంత పొలం ఒక్కసారి తడిస్తే ఇంటి మనుషులతో నాట్లు పడవు. అందుకే మనిషిని పెట్టుకోవడంలో మూడు తీర్లు స్థిరపడ్డాయి. ఏడాదికి మాట్లాడుకున్న జీతగాడు. పొద్దున వచ్చి సాయంత్రం డబ్బులు తీసుకుపోయే కైకిలి. ఎకరానికి ఇంత అని మొత్తంగా ఒప్పుకునే గుత్త.

సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో ఉన్నవీ ఈ మూడే. కంపెనీ ఉద్యోగి జీతగాడు. గంటకో రోజుకో రేటు కట్టి టైమ్‌షీట్ మీద డబ్బులిచ్చే కాంట్రాక్టర్ కైకిలి. పని మొత్తానికి ధర కట్టి చేయించే ఫిక్స్‌డ్ బిడ్ గుత్త. పేర్లు ఎన్ని మారినా నాలుగో తీరు నాకు కనపడలేదు.

కైకిలికి పెట్టుకుంటే పని నిదానమవుతుందని రైతుకు తెలుసు. గుత్తకిస్తే పని ఉరుకుతుంది, నాటు పలుచనవుతుంది. గట్టు పక్కన ఒత్తుగా ఉండి మడి నడుమకు పోతే కుదుళ్లు దూరం దూరం పడతాయి. దీనికి రైతు దగ్గర మందుంది. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44. అంత లెక్క తెలియని రైతు కూడా గట్టు మీద నిలబడి, "నడిమిట్ల పలుచనైంది, మల్లొక్క పట్టు పెట్టుండ్రి" అనగలడు. ఆ మాట గుత్త పట్టిన మేస్త్రి కాదనలేడు, ఎందుకంటే నాటు ఇద్దరి కళ్ల ముందరే ఉంది. గుత్తలో న్యాయం నిలిచేది కాగితం వల్ల కాదు, ఆ గట్టు వల్ల.

కోడుకు గట్టు లేదు. మామ మిల్లులో ఆ ప్రోగ్రాం తెర మీద ఆకుపచ్చ రంగు బటన్లతో కనపడిన రోజు అందరూ మెచ్చుకున్నారు. నడిమి మడి చూసినవాళ్లు లేరు. సంచి బరువులు ఒక పట్టికలో ఉండాలి, మిల్లువాడే చేర్చుకునేలా ఉండాలి అన్నది ఆ పని తెలిసినవాడికి పది నిమిషాల ఆలోచన. గుత్తకు రాసే పిల్లవాడికి ఆ పది నిమిషాలకు డబ్బులు లేవు. నాలుగు బరువులు చెప్పారు, నాలుగు గడులు గీశాడు. అతను మోసం చేయలేదు. పలుచగా నాటాడు, అంతే. చూసే కన్ను అక్కడ లేదు.

మరి సాఫ్ట్‌వేర్ కొనే చిన్న వ్యాపారి కుదుళ్లు ఎలా లెక్కపెట్టాలి? నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి ఒకటే. పోయిన సీజన్ బిల్లుల కట్టలోంచి వంద బిల్లులు తీయాలి. వాటిలో సగం తిక్క బిల్లులు ఉండాలి: వాపసు వచ్చిన సంచి, సగం డబ్బు కట్టిన బేరగాడు, తడి బియ్యానికి తగ్గించిన ధర. వాటిని కొత్త ప్రోగ్రాంలో ఎక్కించి, చివరి లెక్క కాగితం లెక్కతో పైసా తేడా లేకుండా కలిస్తేనే రెండో విడత డబ్బు ఇవ్వాలి. ఈ మాట పని మొదలుకాక ముందే ఒప్పందంలో ఉండాలి. మొత్తం డబ్బు ముందే కట్టిన మామకు ఆ తర్వాత బేరమాడటానికి చేతిలో ఏమీ మిగల్లేదు. పొలంలో అయితే ఆ తప్పు ఆయన ఏనాడూ చేయడు.

పోలిక విడిపోయే చోటు ఇంకొకటి ఉంది. అదే పెద్దది. వాన ముంచుకొస్తోంది, నారు ముదురుతోంది అంటే రైతు ఇంకో పదిమందిని దింపుతాడు. పది మంది పది చోట్ల పని చేస్తారు, సాయంత్రానికి మడి అయిపోతుంది. ఐబీఎం ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' రాశాడు. వెనకబడిన సాఫ్ట్‌వేర్ పనిలో కొత్త మనుషుల్ని దింపితే అది ఇంకా వెనకబడుతుందని అందులో చెప్పాడు. కొత్తవాడికి పాతవాడు పని వివరించాలి, మాట్లాడుకోవలసిన జంటలు పెరుగుతాయి, పాతవాడి పని ఆగుతుంది. మనిషిని నెలతో గుణిస్తే వచ్చే అంకె నాటులో పని కొలత అవుతుంది, కోడులో కాదు. అయినా ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా కాంట్రాక్టు ప్రోగ్రామర్లను అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఆ గుణకారంతోనే బేరం చేస్తున్నారు. ఎందుకంటే ఆ కొలతతో అయితే మనుషుల్ని అమ్మడం సులువు.

అమ్మేవాళ్ల దగ్గరికి వచ్చాం కాబట్టి రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెడతాను. రెండూ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసినవే. రెండూ మూడేళ్ల తేడాలో వచ్చాయి. రెండింటిలోనూ కథానాయకుడు కాంట్రాక్టు ప్రోగ్రామరే. చదివితే మాత్రం రెండు వేర్వేరు గ్రహాల మనుషుల గురించి చదివినట్టు ఉంటుంది.

స్టీఫెన్ బార్లీ, గిడియన్ కుండా 2004లో తెచ్చిన 'గురూస్, హైర్డ్ గన్స్ అండ్ వార్మ్ బాడీస్' సిలికాన్ వ్యాలీ కాంట్రాక్టర్ల గురించి. వాళ్లలో చాలామంది ఆఫీసు రాజకీయాలతో విసిగి తామే ఉద్యోగం వదిలినవాళ్లు. గంటకు ఉద్యోగి కన్నా ఎక్కువ సంపాదిస్తారు. నైపుణ్యాన్ని తామే డబ్బు పెట్టి పదును పెట్టుకుంటారు. ఏజెన్సీ ఎంత కోస్తుందో వాకబు చేసి బేరమాడతారు. పుస్తకం పేరులోనే కంపెనీలు వీళ్లను ఎందుకు పిలుస్తాయో ఉంది. తమకు తెలియని విద్య కోసం గురువును పిలుస్తాయి. ఒక గట్టి పని దెబ్బకు తేల్చడానికి కిరాయి మొనగాణ్ని పిలుస్తాయి. కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి ఊపిరున్న ఒక ఒంటిని పిలుస్తాయి. ఈ మూడింటి తేడా గుర్తించడం ఈ పుస్తకం చేసిన గొప్ప మేలు. మనిషిని పిలిచే ముందే యజమాని తనను తాను అడగాల్సిన ప్రశ్న అది. మామకు కావలసింది గురువు, బియ్యం వ్యాపారం లెక్క తెలిసినవాడు. ఆయన కొన్నది ఒక ఒళ్లు.

2007లో వచ్చిన షియాంగ్ బియావ్ 'గ్లోబల్ బాడీ షాపింగ్'లో కథానాయకుడు మనవాడే. చైనాలోని వెన్జౌ నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన ఈ పరిశోధకుడు 2000, 2001 సంవత్సరాల్లో హైదరాబాద్‌లో, సిడ్నీలో తెలుగు ఐటీ కార్మికుల మధ్య తిరిగాడు. అమీర్‌పేట కోర్సులు, వాటికి పెట్టుబడిగా మారిన కట్నాలు, డెల్టా పొలాల మిగులు, చేతులు మారే రెజ్యూమెలు, సిడ్నీలో ఒకే ఇంట్లో ముడుచుకుని ప్రాజెక్టు కోసం చూసే బెంచ్ కుర్రాళ్లు, ఒక ఏజెంటు నుంచి ఇంకో ఏజెంటుకు పోయే గొలుసు, అన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడ ప్రోగ్రామర్ బేరమాడడు. అతని మీదే బేరం సాగుతుంది. వీసా ఏజెంటు చేతిలో ఉన్నవాడికి గంట రేటు అడిగే నోరు ఉండదు.

మొదటి పుస్తకంలో ఏజెన్సీ కాంట్రాక్టరుకు పని వెతికిపెట్టే దళారి, రెండో పుస్తకంలో అదే అతనికి యజమాని. ఈ తేడా ఊరికే రాలేదు. అమెరికా 1986 పన్ను సంస్కరణ చట్టంలో 1706వ సెక్షన్ పెట్టి, దళారి ద్వారా పనిచేసే ప్రోగ్రామర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపడాన్ని కష్టం చేసింది. దాంతో మధ్యలో ఏజెన్సీలు బలిశాయి. 1990 నాటి వలస చట్టంతో హెచ్1బీ వచ్చింది. వీసా కాగితం మీద యజమాని పేరు ఉండాలి కాబట్టి, ఆ ఏజెన్సీయే యజమాని అయింది. గొలుసు మొదట్లో ప్రోగ్రామర్, చివర్లో క్లయింటు, నడుమ కన్సల్టెన్సీ, వెండరు, ప్రైమ్ వెండరు. క్లయింటు ఇచ్చే గంట రేటులోంచి ప్రతి చేయీ కొంత పుచ్చుకుంటుంది. ప్రోగ్రామర్‌కు ఎంత చేరుతుందో క్లయింటుకు తెలియదు, క్లయింటు ఎంతిస్తున్నాడో ప్రోగ్రామర్‌కు తెలియదు.

విమర్శకుడిగా నాకు రెండు పుస్తకాల మీదా ఫిర్యాదుంది. బార్లీ, కుండాల పుస్తకంలో కాంట్రాక్టర్ వెనక ఊరు లేదు. అతను పెరిగిన ఇల్లు, అతని చదువు కోసం ఎవరు ఏం అమ్ముకున్నారు అన్నది కనపడదు. షియాంగ్ పుస్తకంలో ఊరు, కట్నం, కులం, ఏజెంటు అన్నీ ఉన్నాయి కానీ ఆ కోడు ఎవరి వ్యాపారంలో ఏం చేసిందో దాదాపు కనపడదు. పని చేసే చేయి ఒక పుస్తకంలో, పని చేయించుకునే అవసరం ఇంకో పుస్తకంలో ఉండిపోయాయి. అయినా ఒకటే ఎంచుకోమంటే షియాంగ్‌నే ఎంచుకుంటాను. మనిషి చేసే పనిని కాకుండా మనిషినే సరుకు చేసినప్పుడు లాభం ఎక్కడ పుడుతుందో ఆయన కనిపెట్టాడు. అది ఖాళీ రోజుల్లో పుడుతుంది. పని ఉన్నప్పుడు పిలిపించి, లేనప్పుడు ఆ ఖాళీని కార్మికుడి నెత్తిన వేయగలిగినవాడికే ఈ వ్యాపారం గిట్టుబాటు.

ఈ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలకు ఆ పుస్తకం అక్కర్లేదు. దుబాయి, మస్కట్ పోయి వచ్చినవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. వాళ్లు 'ఆజాద్ వీసా' అంటారు. కాగితం మీద యజమానిగా ఒక కఫీల్, పని మాత్రం దొరికిన చోట. కఫీల్‌కు ఏటా ఇంత అని కట్టాలి, పని దొరకని నెల తిండి ఖర్చు తనదే. కఫీల్‌ను వదిలేసి బయటపడ్డవాణ్ని 'ఖల్లివెల్లి' అంటారు. దీన్ని అమెరికా బెంచ్ పక్కన పెట్టి చూడండి. ఒకడు తాపీ పట్టుకున్నాడు, ఇంకొకడు జావా పట్టుకున్నాడు. కాగితం ఒకరి చేతిలో, పని ఇంకొకరి దగ్గర, ఖాళీ రోజు తన నెత్తిన. ఒకే ఇంట్లో అన్న దుబాయి పోయి, తమ్ముడు అమీర్‌పేట మీదుగా అమెరికా పోయిన కుటుంబాలు మా వైపు ఉన్నాయి. కల్లు కాంపౌండు దగ్గర కూర్చుంటే అన్నకు తమ్ముడి కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

తేడా చట్టంలో ఉంది. గల్ఫ్ ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. కార్మికుడి దగ్గర తీసుకునే సేవా రుసుముకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ అని హద్దు కూడా ఉంది. ఊళ్లో అప్పు చేసి కట్టేది అంతకు చాలా ఎక్కువన్నది వేరే సంగతి. కనీసం, ఇది తప్పు అని చూపడానికి ఒక గీత ఉంది. బెంచ్ మీద ఉంచి జీతం ఎగ్గొట్టడం తప్పని అమెరికా 1998లోనే చట్టం చేసింది. మన దేశంలో 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ఇంకా మంచి సూత్రం పెట్టింది: కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలి. ఆ సూత్రం కొత్త లేబర్ కోడ్‌లోనూ నిలిచింది. కానీ ఆ సూత్రం నలుగురు, ఐదుగురు పనిచేసే చోటికి దిగదు. హైదరాబాద్‌లో ఒక గదిలో కూర్చుని మామ మిల్లుకు ప్రోగ్రాం రాసిన పిల్లవాడికి మూడో నెల జీతం అందిందో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. అందలేదని నా అనుమానం. జీతం ఆగిన చేత్తో రాసిన కోడుకు, ఆగని చేత్తో రాసిన కోడుకు తేడా ఉంటుంది. అది వ్యాపారి డబ్బుకు సంబంధించిన సంగతి కూడా.

ఇదే దగ్గర పొలం మళ్లీ మనకన్నా ముందుంది. ఇప్పుడు నిజాంసాగర్ కింద నాట్లు వేసే ముఠాల్లో బీహార్, బెంగాల్ మనుషులు కనపడుతున్నారు. మన పిల్లలు వేరే దేశాల్లో ఏ స్థితిలో ఉన్నారో మన పొలాల్లో వాళ్లు ఆ స్థితిలో ఉన్నారు. వాళ్లకూ దళారి ఉన్నాడు, అతనికీ ఎకరానికి ఇంత అని కమీషన్ ఉంది. కానీ రైతుకు వాళ్ల ముఖాలు తెలుసు. తాడు పట్టి వరుసలో నాటుతుంటే గట్టు మీది నుంచి చూస్తాడు. మధ్యాహ్నం అన్నం పంపుతాడు. డబ్బు దళారి చేతికిచ్చినా, నాటినవాడికి ముట్టిందా అని ఆ సాయంత్రమే అడగగలడు. గొలుసు ఒకే లంకె పొడవు. అది మూడు లంకెలైన రోజు పొలంలో కూడా మామకు పట్టిన గతే పడుతుంది.

కైకిలి తీరులో ఇంకో ప్రమాదం ఉంది. కాంట్రాక్టు మనిషి అక్కరకొచ్చాడని ఏళ్ల తరబడి అలాగే ఉంచేసుకోవడం. మైక్రోసాఫ్ట్ 1980లలో ఇలాగే చేసింది. ఉద్యోగులకు నీలం బ్యాడ్జీ, వీళ్లకు నారింజ బ్యాడ్జీ, పని మాత్రం ఒకటే. 1992లో కోర్టుకెక్కిన విజ్‌కైనో కేసు 2000లో 9 కోట్ల 70 లక్షల డాలర్ల రాజీతో తెగింది. ఏళ్ల పాటు రోజూ వచ్చేవాణ్ని కైకిలివాడని పిలిచినంత మాత్రాన కైకిలివాడు కాడు. ఈ సంగతి జీతగాళ్ల కష్టం చూసిన మా ఊరి పెద్దలకు మైక్రోసాఫ్ట్ వకీళ్ల కన్నా ముందే తెలుసు.

ఇక మామ పంచాదిలో అసలు ముడి. డబ్బంతా కట్టాడు, మరి ఆ ప్రోగ్రాం ఎవరిది? ఆయనదే అనుకున్నాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ని. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచనల కోవలోకి వస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రాసినవాడు. ఉద్యోగి రాస్తే యజమానికి చెందుతుంది. బయటి కాంట్రాక్టరు రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు అతని దగ్గరే ఉండిపోతుంది. హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికి అని రాయకపోతే ఐదేళ్లకే అనుకోవాలి. ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశానికే అనుకోవాలి.

తెలంగాణలో సాదా బైనామా అంటే ఏమిటో విడమరచనక్కర లేదు. తెల్ల కాగితం మీద రాసుకుని, డబ్బిచ్చి, ఏళ్ల తరబడి దున్నుకున్నా పట్టా మాత్రం పాత పేరు మీదే ఉండిపోయిన భూములు ఊరూరా ఉన్నాయి. మామ దగ్గర ఆ తెల్ల కాగితం కూడా లేదు. సోర్స్ కోడ్ చేతికి రాలేదు, హక్కు పేరుకు రాలేదు. ఆయన చేతిలో ఉన్నది వాడుకునే అనుమతి మాత్రమే. విచారమేమంటే, భూమికి కావలసినన్ని ఆఫీసులు, స్టాంపులు దీనికి అక్కర్లేదు. ఒక పేజీ రాత, ఒక సంతకం చాలు. పది రూపాయల పని చేయక లక్షల పని పోగొట్టుకున్న చిన్న వ్యాపారాలు నేను చాలా చూశాను. ఏ ఒప్పందంలోనైనా ముందు చూడాల్సిన వాక్యం ఇదే. ధర తర్వాత చూడవచ్చు.

హక్కు చేతికొచ్చినా కథ అయిపోదు. నిజాంసాగర్ కట్టినప్పుడు దాని కడుపు 29.72 టీఎంసీలు. మంజీర తెచ్చిన పూడికతో అది బాగా తగ్గింది. కట్టడంలో లోపం లేదు, ఆ గోడ ఇప్పటికీ నిలబడే ఉంది. నీరు పారే చోట మట్టి చేరుతుంది. ప్రోగ్రాంకీ పూడిక ఉంది. పన్ను మారుతుంది, బ్యాంకు ఫారం మారుతుంది, విండోస్ మారుతుంది, 25 కిలోలు 26 అవుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా ప్రోగ్రాం కడుపు తగ్గుతూనే ఉంటుంది. గుత్తకు కట్టి వెళ్లిపోయినవాడు ఈ పూడిక తీయడు. అతనితో ఒప్పందం కట్టడం వరకే.

మన చెరువుల కింద దీనికి వేరే మనిషి ఉండేవాడు, నీరడి. చెరువు కట్టినవాడు కాడు, పొలం గలవాడూ కాడు. ఏ తూము ఎంత తెరిస్తే ఏ మడికి ఎప్పుడు నీరందుతుందో అతని తలలో ఉండేది. పంట కోసినప్పుడు కళ్లం దగ్గర అతని వంతు గింజలు అతనికి ముట్టేవి. కైకిలి, గుత్త, జీతం మూడింటికీ భిన్నమైన ఏర్పాటు ఇది. నీళ్లు సరిగ్గా అందితే పంట పండుతుంది, పండితే అతని వంతు పెరుగుతుంది. మూడే తీర్లు ఉన్నాయని పైన రాశాను. రాస్తూ రాస్తూ ఇక్కడికి వచ్చాక నాలుగోది ఉండేదని ఒప్పుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీనికి దగ్గరగా రిటెయినర్ అని ఒకటి అంటారు, నెలకు కొన్ని గంటలకు ఏడాది పొడుగునా ఒకే మనిషితో ఒప్పందం. చిన్న వ్యాపారాలు దాన్ని దండగ ఖర్చనుకుంటాయి. చెరువు కట్టడానికి లక్షలు పెట్టి నీరడికిచ్చే గింజలు మిగుల్చుకునే రైతును ఊరు మెచ్చుకోదు.

మామకు నేను చెప్పిందీ అదే. హైదరాబాద్‌లో మూడు లంకెల గొలుసు పట్టుకుని వేలాడొద్దు, దగ్గర్లో ఒక మనిషిని చూసుకో అన్నాను. 2023 ఆగస్టు 9న నిజామాబాద్‌లో ఐటీ హబ్ తెరిచారు. కరీంనగర్, ఖమ్మంలో అంతకు ముందే వచ్చాయి. పెద్ద కంపెనీల శాఖలు వస్తాయా రావా అన్న లెక్కతోనే అందరూ ఆ భవనాలను కొలుస్తున్నారు. నాకు వాటి వల్ల కనపడే మేలు వేరు. రైస్ మిల్లు, విత్తనాల దుకాణం, దవాఖానా, బడి, ఇలాంటి వాటికి గంటన్నర బస్సు దూరంలో ముఖం తెలిసిన ప్రోగ్రామర్ దొరకాలి. అతను మిల్లుకు వచ్చి, గుమాస్తా పక్కన కూర్చుని, 26 కిలోల సంచిని 50 గడిలో రాస్తున్న ఆ చేతిని కళ్లారా చూడాలి. కోడుకు గట్టు లేదన్నాను. ఉన్నంతలో గట్టంటే అదే, రాసేవాడు వాడేవాడి పక్కన ఒక పూట కూర్చోవడం.

పోయిన యాసంగి ముందర మామ కొత్త ప్రోగ్రాం కోసం మళ్లీ ముగ్గురితో మాట్లాడాడు. ధాన్యం లెక్క రాసే పొడుగు పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించాడు. వంద బిల్లులు కలిసినంక రెండో విడత. సోర్స్ కోడ్, రాత హక్కు, ఎంత కాలానికో కూడా రాసి. నెలకు ఇన్ని గంటలు, ఏడాది. నేను చెప్పినవే రాసుకున్నాడు. అన్నిటికన్నా పైన మాత్రం నేను చెప్పని ఒక గీత గీసి, దాని పక్కన 'నాటేటోడు' అని రాశాడు. పేరు, ఫోన్ నంబరు.

మొదటి ఇద్దరూ ఆ గీత మీద తమ కంపెనీ పేరు చెప్పారు. "కంపెనీ పేరు కింద రాసుకున్న. నాటేటోని పేరు చెప్పుండ్రి" అన్నాడట మామ. వాళ్లు కనుక్కుని చెప్తామన్నారు. మూడోది ఒక అమ్మాయి. ఎల్లారెడ్డి దగ్గరి ఊరే, ఇంటి నుంచే పని చేస్తుందట. ఆ గీత దగ్గరికి రాగానే పుస్తకం తన వైపు తిప్పుకుని పేరు తానే రాసింది.